అత్తయ్యగారు పట్టిన పదును

మా అత్తగారు పోయారు. తెల్లవారి టీ పెట్టి, ఆవిడ నోరు తడుపుదామని చెంచా పట్టుకుని వెళ్లేసరికి ఊపిరి లేదు. మావారిని కేకేశాను. ఆయన వచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "వెళ్లిపోయిందే," అన్నారు. గట్టిగా ఏడ్చే ఓపిక ఇద్దరికీ లేదు. స్నానాల గదిలో జారిపడిన దగ్గర్నుంచి ఆవిడ మంచం దిగలేదు. పోయిన వానాకాలం నుంచి ఈ వానాకాలం దాకా మా ఇంట్లో ఎవరూ తిన్నగా నిద్రపోలేదు. దేవుడు ఆవిడకీ మీకూ ఒకేసారి విశ్రాంతి ఇచ్చాడు అని చర్చిలో ఎవరో అన్నారు. ఆ మాటకి నాకు కోపం రాలేదు, ఊరటా కలగలేదు. తల ఊపాను, అంతే.

కొత్తపేట చుట్టుపక్కల వడ్రంగి పని చేసేవాళ్లకి ఆవిడ తెలుసు. తెలియనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మావగారు తలుపులూ కిటికీలూ చర్చి బెంచీలూ చేసేవారు. ఆయన తర్వాత మావారు చేస్తున్నారు. చెక్కని నున్నగా చిత్రిక పట్టే కరెంటు మెషిన్ ఒకటి ఉంటుంది. దాని కడుపులో వేలెడు పొడవున్న బ్లేడ్లు రెండు తిరుగుతూ ఉంటాయి. అవి మొద్దుబారితే పని ఆగిపోతుంది. మా ఇంట్లో వాటికి పదును పెట్టేది మగవాళ్లు కాదు, అత్తగారు.

మొదట్లో బ్లేడ్లు పదునుకని రామచంద్రపురం బస్సులో పంపేవారట. అవి తిరిగొచ్చేదాకా మావగారు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చునేవారు. అది చూడలేక ఒకనాడు అత్తగారు, "ఇలా ఇవ్వండి. ఇన్నాళ్లూ మీకు పిండి రుబ్బి పెట్టిన చెయ్యి ఇనం రుబ్బలేదా?" అన్నారట.

"పిండి పాడైతే అట్టు పాడవుద్ది. ఇది పాడైతే నా మెషిన్ పాడవుద్దే."

"అట్టు పాడైనప్పుడు మీరన్న మాటల కంటే ఎక్కువేం అంటారులెండి."

మొదటిసారి నిజంగానే పాడుచేశారు. ఒక బ్లేడు గచ్చు మీద పడి అంచు విరిగింది. ఇనుము వృథా చెయ్యకూడదని ఆవిడ ఆ ఒక్కదాన్నే సానరాయి మీద అరగదీశారు. బాగున్నదాని జోలికి పోలేదు. తీరా బిగించి మెషిన్ వేస్తే చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయిందట. ఒకటి బరువు, ఒకటి తేలిక అయిపోయాయి. ఆ రోజు నుంచి రెండింటినీ పక్కపక్కనే ఒక చిన్న పట్టీలో బిగించి, కలిపే అరగదీసేవారు. "దెబ్బ దీనికే తగిలిందనుకో, అయినా రెండూ అరగాలమ్మాయ్," అని నాకు చెప్పేవారు. ఆవిడ చెప్పేది బ్లేడ్ల గురించే. నేనూ అలాగే విన్నాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నీళ్లు పోసే పని నాది. పొద్దున ప్రార్థన అయ్యాక వెనక వసారాలో తడిపిన గోనె పరిచి, దాని మీద సానరాయి పెట్టి, పీట వేసుకుని ఆవిడ కూర్చునేవారు. నేను పక్కన చెంబు పట్టుకుని కూర్చునేదాన్ని. అంచు వాలుగా ఉన్న వైపు రాయికి ఆనించి, ముందుకీ వెనక్కీ నడిపించేవారు. నల్లటి బురద లేచేది. రాయి ఆరుతున్నట్టు చప్పుడు మారగానే నేను నీళ్లు పోయాలి. ఆ చప్పుడు పట్టుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది. "చూసి పోస్తావేంటమ్మాయ్, విని పొయ్యి," అనేవారు.

రాయి నడిమిన గుంట పడకుండా అప్పుడప్పుడూ తడి ఇసక వేసి గచ్చు మీద రుద్దేవారు. ఎందుకంటే, "రాయికి గుంట పడితే బ్లేడుకి బొజ్జ వస్తుంది, మీ మావగారిలాగ," అనేవారు, ఆయనకి వినపడేలా. నేను ఎప్పుడైనా చెయ్యి వెయ్యబోతే, "నొక్కకు. ఇనం బరువు ఇనానికుంది. నువ్వు ఊరికే నడిపించు," అనేవారు. చెయ్యి అలిసిందనిపిస్తే సగంలో లేచిపోయేవారు. అలిసిన చెయ్యి వాలు తప్పుతుందట. అందుకనే ఎవరు తొందరపెట్టినా లొంగేవారు కాదు. తన బ్లేడ్లు పదునుకిచ్చిన ఒక వడ్రంగి గుమ్మంలో నిలబడి, "సాయంత్రానికి ఇచ్చేయండి అమ్మగారూ, పెళ్లివారి మంచం అండి," అని బతిమాలడం నాకు గుర్తు.

"ఆయ్, ఇచ్చేస్తాను. పదునులా కనపడేది కావాలంటే సాయంత్రం రా. పదును కావాలంటే రేపు రా."

ఒకసారి చర్చి అయ్యగారు ప్రార్థనకని వచ్చి, ఆవిడ చేతుల నల్లటి బురద చూసి నవ్వారు. "ఏమ్మా, ప్రభువు కూడా వడ్రంగే కదా. ఆ రోజుల్లో ఉంటే ఆయనకీ నువ్వే పట్టేదానివేమో?"

"ఆయనకి తల్లి ఉందిగా అండీ. ఆవిడే పట్టి ఉంటారు," అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా.

మంచాన పడ్డాక ఈ పనంతా ఆగిపోయింది. మావారు బ్లేడ్లకి షాపులో పదును పట్టించడం మొదలుపెట్టారు. అత్తగారు పట్టిన జత ఒకటే మిగిలింది. దాన్ని ఆయన నూనె గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఎందుకు పెట్టారో ముగ్గురికీ తెలుసు. ఒక మధ్యాహ్నం నేను గుడ్డలు మారుస్తుంటే ఆవిడ కొడుకుని పిలిపించుకుని, "నాకు కొన్న పెట్టె తేవద్దురా. ఆ మెరుపులూ, ఆ పూసలూ నాకొద్దు. నువ్వే చెయ్యి. మన రాయి మీద పట్టిన పదునుతో చెయ్యి," అన్నారు. పెట్టె అంటే మమ్మల్ని సమాధుల తోటకి తీసుకెళ్లే పెట్టె. "అలాగేనమ్మా," అన్నారాయన. "అలాగే కాదు, మాట ఇయ్యి," అని చెయ్యి చాపారు. ఇచ్చారు.

పోయిన రోజున మావారు పాత ఇంటి అటక మీది వెడల్పాటి మామిడి చెక్కలు దింపి, మేకులు పీకి, ఆ జత బ్లేడ్లు బిగించారు. పక్కల చెక్కలు బాగానే అయ్యాయి. మూతకని పెట్టిన పెద్ద చెక్క మీద మెషిన్ పెట్టగానే కీచుమంది. నిప్పురవ్వలు లేచాయి. పాత రంగు కింద మేకు తల ఒకటి ఉండిపోయింది. బ్లేడ్లు రెండింటికీ ఒకేచోట నొక్కు పడింది. అక్కడి నుంచి చెక్క మీద ఎంత నడిపినా సన్నటి గీత ఒకటి లేస్తూనే ఉంది. ఆయన మెషిన్ ఆపి, ఆ గీత మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు.

మా ఆడపడుచు భర్తని నేను అన్నయ్యగారూ అంటాను. ఆయన మంచి మనిషి, కాకపోతే కుదురుండదు. "షాపులో పట్టించిన జత ఉందిగా బావా, అదేసెయ్," అన్నారు.

"మాట ఇచ్చేను బావా."

"పోనీ కొత్తపేటకి ఫోన్ కొట్టనా? పెట్టె ఆటోలో వేసి పంపించేస్తారు. నాలుగింటికల్లా అయ్యగారు వచ్చేస్తారు. మనిషిని పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటాం?"

మావారు నేల చూస్తున్నారు. ఒప్పేసుకుంటారని నాకు అర్థమైంది. ఆయనా అలిసిపోయి ఉన్నారు. "నేను పదును పడతానండీ," అన్నాను.

"నువ్వా? ఎప్పుడన్నా పట్టేవా?" అన్నారు మావారు.

"నీళ్లు పోసేను కదండీ."

రాయి ఏడాదిగా వాడకం లేక దుమ్ముకొట్టుకుని ఉంది. కడిగి, గోనె తడిపి, పీట వేసుకున్నాను. బ్లేడ్లు రెండూ పట్టీలో బిగించాను. నా నడుం అప్పటికే పట్టేసింది. రాత్రిళ్లు ఆవిడని ఇటూ అటూ తిప్పీ తిప్పీ మణికట్లలో బలం లేదు. అలిసిన చెయ్యి పెట్టకూడదన్న మనిషి పక్క గదిలో కదలకుండా ఉన్నారు. ప్రభువా, వాలు తప్పనీయకు అని ఒక్క మాట అనుకుని మొదలుపెట్టాను. పందిట్లో నుంచి ఎవరో, "ఏడవాల్సిన టైముకి కోడలు ఇనం రుద్దుతుంది, చూసేరా," అనడం వినపడింది. నీళ్ల కోసం చెయ్యి చాపితే చెంబు అందలేదు. తలెత్తి చూస్తే మా ఆడపడుచు అది పట్టుకుని పక్కన కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"ఎప్పుడు పొయ్యాలి వదినా?"

"చప్పుడు మారినప్పుడు."

అంచు వచ్చింది. నొక్కు మాత్రం పోలేదు. అది పోవాలంటే సాయంత్రం దాకా అరగదీయాలి. నా చెయ్యి అలిసి వాలు తప్పబోయింది. ఇంక పట్టనని ఆపేశాను. మావారికి చూపించి, "ఇంతేనండీ, నొక్కు ఉండిపోయింది," అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు అదే మొదటిసారి.

ఆయన రెండు బ్లేడ్లూ వెలుతురులో తిప్పి చూశారు. బొటనవేలి గోరు మీద ఆనించారు. "పదును వచ్చిందే," అన్నారు. మెషిన్ దగ్గరికి లాక్కుని, "తొందరగా కావాలని నాన్న గోలపెడితే అమ్మ ఏం చేసేదో తెలుసా? ఒకదాన్ని గోరంత పక్కకి జరిపి బిగించమనేది. ఇది వదిలేసింది అది తీసేసుకుంటుంది అనేది," అన్నారు. అలాగే బిగించారు. మెషిన్ వేశారు. వణకలేదు, ఒకే ఊపున మోగింది. చెక్క మీద నుంచి ఉల్లిపొరల్లాంటి పొట్టు లేచి మా అందరి కాళ్ల మీద పడింది. ఆయన అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమి చూశారు. అన్నయ్యగారు కూడా తడిమారు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతేనని చెప్పను. ఓర్చుకోవడం, మాట మెత్తగా అనడం, పని సగంలో ఉన్నప్పుడు మనిషిని విసుక్కోకపోవడం, అన్నీ ఆ పీట పక్కనే వచ్చాయి. ప్రభువుకి వందనాలు. ఇంకా అలసట తీరలేదు. పొద్దున లేవగానే ఇప్పటికీ చెంచా కోసం చెయ్యి వెళ్తుంది.

నాలుగింటికి అయ్యగారు ప్రార్థన చేశారు. పెట్టె ఎత్తారు. మావారు పొడుగు, అన్నయ్యగారు పొట్టి కావడాన అది ఒక పక్కకి కాస్త వాలింది. కాలవ గట్టు ఎక్కేసరికి తుంపర మొదలైంది. ఎవరో గొడుగు పట్టబోతే మావారు వద్దన్నారు. నేను వెనకే నడుస్తున్నాను. చినుకులు మూత మీద పడుతున్నాయి. పడినవి పడినట్టే, ఏ గీత దగ్గరా ఆగకుండా, అడ్డంగా జారిపోతున్నాయి.