ముసలి గొంతుకు అందే శ్రుతి

నేను గుడాలమ్మి బతికినదాన్ని. ఆ మాట చెప్పడానికి నాకు ఏనాడూ నామోషీ లేదు. శనగలో బొబ్బర్లో ముందురోజే నానేసి, మెత్తగా ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెడితే, మంచిర్యాల కల్లు కంపౌండులో ముంత పట్టినవాళ్లెవరూ నా గంప దాటి పోయేవారు కాదు. గుడాల గురించి ఇంతకంటే చెప్పను, మొదలుపెడితే అదే ఒక పుస్తకమవుతుంది. నేను చెప్పాలనుకున్నది పాట సంగతి. ఆ కంపౌండులో ఆదివారం మధ్యాహ్నాలు నూరు మంది కలిసి ఒక పాట పాడేవారు. ఆ పాటను మొట్టమొదట ఎత్తింది నేను. ఇది నా గొప్ప, దీన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు.

మాది చొప్పదండి దగ్గర నేతపని కుటుంబం. మా ఆయన పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక నాటకాల కంపెనీ వెంట తిరిగి హార్మోనియం నేర్చుకున్నాడు. కంపెనీ చెదిరిపోయాక ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. కొన్నాళ్లకు నూలు సరిగా దొరకక మగ్గం కూడా ఆగిపోయింది. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో మేము మంచిర్యాల చేరాం. అక్కడ ఆయన ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. ఇరవై ఏళ్లు బట్ట నేసిన మనిషి, ఎవరో నేసిన బట్టను పొద్దంతా గజంబద్దతో కొలుస్తూ నిలబడేవాడు. ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆదివారం హార్మోనియం ముందు కూర్చున్నప్పుడు మాత్రం నడుము నిటారుగా అయ్యేది, మొహంలోకి వెలుగు వచ్చేది. నేను పెళ్లాడిన మనిషి వారానికి ఒకసారి నాకు కనబడేవాడన్నమాట.

ఆ ఆదివారాలు కల్లు దుకాణం నడిపే గౌడు పెట్టిన భిక్షే. ఆయన ఎప్పుడో కరీంనగర్‌లో మా ఆయన వాయించిన నాటకం చూశాడట. గుర్తుపట్టి పిలిచి, ఈతమట్టల పందిరి కింద ఒక చెక్క బల్ల వేయించి, ఆదివారాలు వచ్చి వాయించమన్నాడు. పందిరి నిండా మనుషులే. బొగ్గుబావుల్లో పనిచేసేవాళ్లు రైలు దిగి వచ్చేవారు. రైలు పట్టాల కూలీలు, గంపలు మోసే ఆడవాళ్లు, మాలాగే మగ్గం విడిచి వచ్చినవాళ్లు వరసలుగా కింద కూర్చునేవారు. జట్కా తోలే ఒక ముసలాయన ప్రతి వారం మొదటి వరసలోనే ఉండేవాడు. నిర్మల్ నుంచి వచ్చిన తురకలాయన. అందరూ చాచా అనేవారు. ఆయన కల్లు తాగేవాడు కాదు, ఉత్త గుడాల కోసం, పెట్టె పాట కోసం వచ్చేవాడు. గుర్రాన్ని అదిలించి అదిలించి ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉండేది.

మొదట్లో జనం మా ఆయన వాయిద్యానికి నోళ్లు తెరిచి చూశారు. వన్స్‌మోర్ అన్నారు. మూడు నెలలు గడిచాక ఆయన వాయిస్తుంటే వాళ్ల ముచ్చట్లు వాళ్లు పెట్టుకోవడం మొదలైంది. గౌడు కోరుకున్నది వేరు. పెట్టె పాట అందుకుని జనం కూడా పాడాలి, పందిరి దద్దరిల్లాలి అని ఆయన ఆశ. ఒక ఆదివారం ఆయన మా ఆయన పక్కన కూర్చుని మర్యాదగానే చెప్పాడు.

"నీ వాయిద్యానికి వంక పెట్టేదేం లేదు. గని జనం పాడుతలేరు. కరీంనగర్ల ఒక హోటల్ల గ్రామఫోను పెట్టిండ్రట, లౌడుస్పీకరు సుత. నేను గూడ ఒకటి చెప్పి పెట్టిన. ఇంకో రెండు ఐతారాలు చూద్దాం."

ఇంటికి వచ్చాక మా ఆయన జనాన్ని తిట్టాడు. వీళ్లకు తాళం తెలియదు, రాగం తెలియదు, బొగ్గు తవ్వేవాళ్ల ముందు వాయించడం తనదే బుద్ధి తక్కువ అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఇంకా గట్టిగా, ఇంకా పై శ్రుతిలో వాయించాడు. నాటకాల్లో ఆయనకు గురువు నేర్పింది అదే. కట్టకడపటి వరసలో కూర్చున్నవాడికి వినబడాలి, జనం పట్టించుకోకపోతే శ్రుతి పెంచాలి. ఐదు శ్రుతిలో, అంత పైన, పద్యం పాడే నటుల పక్కన కూర్చున్న చెయ్యి అది. అంతకంటే కిందికి దిగితే అవమానం అనుకునేది.

నేను నా గంప దగ్గర కూర్చుని జనం మొహాలు చూస్తున్నాను. గుడాలు అమ్మేవాళ్లకు మొహాలు చూడటం అలవాటు. చాచా పాట అందుకుందామని నోరు తెరిచాడు, అందలేదు, దగ్గాడు. మళ్లీ తెరిచాడు. మూడోసారి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకున్నాడు. వెనక వరసలో బొగ్గుబావుల్లో పనిచేసే పడుచువాళ్లు కూడా అంతే. నోరు తెరవడం, మూయడం. వీళ్లకు పాడాలని లేక కాదు, మా ఆయన పాటను ఎవరికీ అందనంత ఎత్తున కట్టాడని నాకు అప్పుడు అర్థమైంది.

నాకెలా తెలిసిందంటే, మా అవ్వ మా వాడలో బతుకమ్మ పాటలు ఎత్తే మనిషి. ఆమె తర్వాత ఆ పని నాకు వచ్చింది. నాకు పదిహేనేళ్లప్పుడు మొదటిసారి ఎత్తమంటే, నా గొంతు ఎంత బాగుందో ఊరికంతా తెలియాలని మిద్దెలెక్కేలా ఎత్తాను. మా అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపి, చుట్టూ తిరిగే ఆడవాళ్లలో అందరికంటే ముసలామెను చూపించి, ఆమె గొంతుకు అందేట్టు ఎత్తమంది. ఆమె పాడగలిగితే అందరూ పాడతారు, ఆమె ఆగిపోతే ఆట ఆగిపోతుంది. మా వాడలో పాట ఎత్తడానికి ఉన్న కట్టడి అది ఒక్కటే. పెద్ద చదువేం కాదు, కానీ నాటకాల కంపెనీలో దాన్ని నేర్పరు.

వారం మధ్యలో, అన్నం పెడుతూ, శ్రుతి జర కిందికి దించమని మెల్లగా అన్నాను. ఆయన తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"గుడాలల్ల ఉప్పెంతో నువ్వు చూస్కో."

నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆయనకు ఉప్పు లేని గుడాలు పెట్టాను. చప్పుడు చేయకుండా తిని లేచిపోయాడు. ఆ మొండితనం చూస్తే కోపమూ వచ్చింది, జాలి కూడా వేసింది. ఆదివారం పోతే ఈ మనిషికి మిగిలేది గజంబద్ద ఒక్కటే. ఆ సంగతి ఆయనకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది.

రెండో ఆదివారం వచ్చింది. మేము వెళ్లేసరికే గ్రామఫోను దిగి ఉంది. గౌడు గది గడప లోపల, గుడ్డ కప్పి, దాని పెద్ద మూతి మాత్రం బయటికి కనబడుతోంది. మా ఆయన దానివైపు చూడనట్టే బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు. ఒక పాట అయింది. రెండోది అయింది. ఒక్కడు గొంతు కలపలేదు. మూడో పాట మధ్యలో ఆపి చెమట తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టె మెట్ల మీద చేతులు పెట్టి, ఏ పాట ఎత్తుకోవాలో తెలియక అవీ ఇవీ తడుముతున్నాడు. పదేళ్లు కాపురం చేశాను, ఆయన పాటను మధ్యలో వదిలేయడం ఎప్పుడూ చూడలేదు.

నేను లేచి నిలబడ్డాను. కల్లు కంపౌండులో ఆడవాళ్లు తాగుతారు, అమ్ముతారు, తగవులాడతారు. కానీ మగవాళ్ల నడుమ నిలబడి పాట ఎత్తిన ఆడది అంతవరకు అక్కడ లేదు. పైగా నాకు వచ్చినవి బతుకమ్మ పాటలు. పూలు పేర్చి, పొద్దున్నుంచి ఒక్కపొద్దుండి పాడే పాటను కల్లు ముంతల మధ్య ఎత్తితే మా అవ్వ ఊరుకుంటుందా? అందుకని వరస మాత్రం తీసుకున్నాను, మాటలు మార్చాను. మాటలు ఎక్కడినుంచి వచ్చాయంటే నా గంపలోనుంచే వచ్చాయి. గుడాలు పొట్లం కట్టి ఇస్తూ ప్రతి మనిషినీ ఏ ఊరని అడగడం నా అలవాటు. ఆ పందిరి కింద ఎవరిది ఏ ఊరో నాకు కంఠతా వచ్చు. చాచా వైపు చూశాను. ఆ బొంగురు గొంతు ఎక్కడ పలుకుతుందో లెక్క వేసుకుని, అంత కిందికి దిగి ఎత్తాను.

"వచ్చినోళ్లం వచ్చినం, ఊరు దాటి వచ్చినం
ఉత్త చేతుల రాలేదమ్మా, పాటొకటి తెచ్చినం
మెట్‌పల్లి నుంచి వచ్చినం, పసుపుకొమ్ము తెచ్చినం"

మెట్‌పల్లి నుంచి వచ్చిన గంపలు మోసే ఆడమనిషి ఒకామె ఉలిక్కిపడి నన్ను చూసింది. తన ఊరి పేరు పాటలో వింటానని ఆమె అనుకోలేదు. వెంటనే మొదటి చరణం అందుకుంది. ఒకరు ఎత్తితే మిగతావాళ్లు అనాలని మా దిక్కు ఎవరికీ చెప్పనక్కరలేదు, తల్లి చంకలో ఉన్నప్పటినుంచి విన్నదే. రెండోసారికి నలుగురు, మూడోసారికి ఆ వరసంతా అంది. అప్పుడు చాచా తువ్వాల భుజం మీదికి విసిరి, తనంతట తానే కట్టాడు: నిర్మల్ నుంచి వచ్చినం, కొయ్యబొమ్మ తెచ్చినం. ఆ గొంతు అందుకోగలిగిందని ఆయనకే ఆశ్చర్యం. మళ్లీ మళ్లీ అదే అన్నాడు, ఆపితే పోతుందేమో అన్నట్టు.

ఇక పందిరి ఆగలేదు. ఆదిలాబాద్ వాళ్లు పత్తిమూట తెచ్చామన్నారు. చొప్పదండివాళ్లు గొంగడి తెచ్చామన్నారు. వెనకనుంచి ఒక పడుచువాడు లేచి, వాళ్ల ఊరిపేరు చెప్పి, తేవడానికి అక్కడేమీ దొరక్క తమనే తెచ్చుకున్నామని పాడితే, నవ్వుకు పందిరి మట్టలు రాలతాయా అనిపించింది. నవ్వుతూనే అందరూ దాన్ని తిప్పి పాడారు.

మా ఆయన సంగతి చెప్పాలి. నేను ఎత్తగానే ఆయన చేతులు మెట్ల మీద ఆగిపోయాయి. తర్వాత ఒక వేలు కదిలింది. వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి వచ్చింది. మూడో ఊరి దగ్గర నా గొంతును పట్టుకుంది. ఆ తర్వాత ఆయన వాయించిన తీరు నేను మళ్లీ ఎన్నడూ వినలేదు. ఎవరు తడబడితే వాళ్ల వెనకే పోయి ఎత్తుకునేవాడు. నాకు అంత పొంగు వచ్చింది, ఏడుపు వస్తుందేమోనని పాట ఇంకా గట్టిగా పాడాను. గౌడు చేతిలో కల్లు ముంత వంగి కల్లు కారిపోతున్నా చూసుకోలేదు.

ఇంటికి పోయే దారిలో ఆయన పెట్టె మోస్తూ ముందు నడిచాడు, నేను గంపతో వెనక నడిచాను. ఆ వారం మధ్యలో బట్టల దుకాణంలో ఎవరో, పెళ్లాం పాడితే పెట్టె వాయించావట కదా అని ఎకసెక్కమాడారని పక్కింటామె చెప్పింది. జనాన్ని గెలిచాను, నా మనిషిని నలుగురిలో చిన్నబుచ్చాను అనుకున్నాను. ఆదివారం ఇక పెట్టె ముట్టడేమో అనుకున్నాను. పెట్టె అయితే తీశాడు. నాకోసం ఆగకుండా ముందే వెళ్లిపోయాడు.

నేను కావాలనే ఆలస్యం చేశాను. గోడ పక్కన గంప దించుకుని, కనబడకుండా అమ్ముకుని వద్దామని నిర్ణయించుకున్నాను. నింపాదిగా నడిచి కంపౌండు చేరేసరికి లోపల చప్పుడు లేదు. ఖాళీగా ఉందేమోనని తొంగి చూస్తే పందిరి నిండా మనుషులు. గ్రామఫోను గుడ్డ కప్పినట్టే ఉంది. మా ఆయన పెట్టె మూత తెరిచి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో మొదలుపెట్టమని తొందర చేస్తున్నారు. ఆయన అందరికీ వినబడేట్టు అన్నాడు.

"జర ఆగుండ్రి. పాటెత్తే మనిషి ఇంక రాలే."

చాచా వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నా నెత్తి మీది గంపను ఎవరు దించారో నాకు తెలియదు. బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే, పెట్టె మీద కింది శ్రుతుల వైపు ఒక మెట్టుకు సున్నంతో చుక్క పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టాడో, ఎవరూ లేనప్పుడు ఎంతసేపు వెతికాడో. ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టి, తిత్తి ఊది, నా వైపు చూశాడు. అది సరిగ్గా మా అవ్వ నాకు నేర్పినట్టు, చాచా గొంతుకు అందే శ్రుతి. నేను ఎత్తాను.