ఊరిచ్చిన ర్యాంకు

నేను చెప్పే మాటలో సగం తీసేసి వినాలని మా ఊళ్లో ఒక రూలుంది. వరదలప్పుడు మా కాలవలో ఒక గొడుగు కొట్టుకుపోతుంటే, దాని మీదెక్కి ఒక కొంగ నరసాపురం దాకా ప్రయాణం చేసిందని చెప్పానొకసారి. కొంగని తీసేసి గొడుగు మట్టుకు నమ్మారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తీసెయ్యడానికేమీ లేదు. ఏదైనా కలుపుదామంటే ఆయన పడనివ్వలేదు.

ఆయనంటే మా ఊరి సుబేదారు గారు. డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి. సైన్యం లెక్కలో ఆయన నాయక్. సిపాయికి కాస్త పైన, సుబేదారుకి చాలా కింద. మధ్యలో మెట్లన్నీ మా ఊరే ఎక్కించింది. మా వైపు మర్యాద అలాంటిది, మనిషిని ఉన్నచోట ఉండనివ్వదు. కాంపౌండరు నాలుగు సూదులు పొడిస్తే డాక్టరు గారు. ప్లీడరు దగ్గర గుమాస్తా తెల్లచొక్కా తొడిగితే ప్లీడరు గారు. పాలకొల్లు బస్టాండు పక్కన టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టిన నెల తిరక్కుండానే నన్ను ప్రిన్సిపాలు గారనేశారు. ఆయన ట్రంకుపెట్టెతో బస్సు దిగినప్పుడు మిలట్రీ గారు. నీళ్ల వంతుల దగ్గర ఒక తగువు తీర్చాక హవల్దారు గారు. చర్చిలో పెద్ద అయ్యాక సుబేదారు గారు. మొదట్లో ఆయన కాదనే చెప్పారట. చెప్పినప్పుడల్లా అది వినయమనుకుని జనం ఇంకాస్త వంగి దణ్ణం పెట్టేసరికి, విసిగి మానేశారు.

కార్గిల్ యుద్ధం అయిన మరుసటేడు, వానాకాలంలో, ఎరువుల సంచి ముక్కలో పాత కాయితాలు చుట్టుకుని ఆయన మా ఇన్‌స్టిట్యూటుకొచ్చారు. అప్పటికే టౌన్లో కంప్యూటర్ సెంటర్లు లేచి, నా మిషన్లు సగం గుడ్డలు కప్పుకుని పడుకున్నాయి. నాకూ వాటికీ పెద్ద తేడా లేదు. ఆయన బెంచీ మీద కూర్చుని, ఢిల్లీకి ఒక అర్జీ కొట్టిపెట్టమన్నారు. యుద్ధంలో చేసిన పనికి రావలసిన పతకం, దాంతోపాటు రావలసిన ప్రమోషను ఇప్పించమని.

ఆ పనేంటో అన్నాళ్లకి అప్పుడే విన్నాను. తూర్పు సరిహద్దు అవతల ఒక నది. వంతెన కూలిపోయింది. అవతలి గట్టు మీద మనవాళ్లు గాయాలతో పడి ఉన్నారు. పడవలు అటూ ఇటూ లాగాలంటే ముందు తాడు అవతలికి చేరాలి. ఆ గుంపులో ఏటి నీళ్ల సంగతి తెలిసినవాడు ఈయనొక్కడే. పొద్దున్నే పొగమంచులో తాడు తీసుకుని ఈదుకుంటూ పోయి కట్టారు. పడవలు నడిచాయి. ఆఫీసరు భుజం తట్టి, నీ పేరు రాసి పంపుతానన్నాడట. మర్నాటికి ఆ ఆఫీసరే లేడు. పేరు వెళ్లిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదండీ అన్నాను.

"ఇస్తారేమోనని చూశానయ్యా," అన్నారు. ఒళ్లో కాయితాలు సర్దుకుంటూ, "ఆ గట్టు మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కళ్లే పోయారు. నేనూ పోతే అది జరగనట్టే కదా. ఎక్కడో ఒకచోట రాసుండాలి," అన్నారు.

నేను కాయితం ఎక్కించి, అలవాటు కొద్దీ తాడు పళ్లతో కరిచిపట్టుకుని ఈదారని కొట్టేశాను. చదివి వినిపిస్తే ఆయన చెయ్యెత్తి ఆపారు. నడుంకి కట్టుకున్నానయ్యా, పళ్లతో పట్టుకుంటే ఊపిరెలా ఆడుద్ది అన్నారు. పోనీ తూటాలు వానలా కురిశాయని రాద్దామన్నాను. రెండో మూడో వచ్చినట్టున్నాయి, చూసుకోలేదన్నారు. మిషన్ వంక దీనంగా చూశాను. చివరికి ఆ అర్జీ, జ్వరం తగ్గినవాడికి పెట్టే పథ్యంలా, ఉప్పూ కారం లేకుండా తయారైంది. కింద అచ్చంగా నాయక్ అనే కొట్టించుకుని సంతకం పెట్టారు.

వానలు వెనకబట్టాయి. సార్వా కోతలయ్యాయి, దాళ్వా ఊడ్పులయ్యాయి. పోస్టుమాన్ కనబడితే ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడేవారు. అతను సైకిల్ దిగకుండానే తల అడ్డంగా తిప్పి వెళ్లిపోయేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఊరి టీ హోటలు యజమాని నన్ను పిలిచి, ఘనకార్యం చేసినవాడిలా చెప్పుకొచ్చాడు. జిల్లా కేంద్రం నుంచి, సైనికుల బాగోగులు చూసే ఆఫీసు తాలూకు మనిషి ఒకడు మోపెడ్ మీద వచ్చాడట.

"నాయక్ ఫలానా ఈ ఊళ్లో ఉన్నాడా అంటాడండి. ఉన్నాడా అంట! మా ఊళ్లో నాయక్కులూ గీయక్కులూ ఎవరూ లేరండి, సుబేదారు గారొకరున్నారు, చూస్తానంటే తీసుకెళ్తాన్రండన్నాను. ఆయన కాదు, నాయకే కావాలన్నాడు. అయితే ఇంకో ఊరు చూసుకోండన్నాను. టీ మాత్రం ఇచ్చే పంపానండి."

అతని తప్పేముంది? కాయితాల్లో ఉన్న పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. ర్యాంకు తెలుసనుకున్నారు, అదీ ఊరిచ్చింది. వచ్చిన మనిషి ఇంకా రెండిళ్లలో అడిగాడట. వాళ్లూ అదే మాటన్నారు. సుబేదారు గారి ఇల్లు అక్కణ్ణుంచి కేకేస్తే వినపడేంత దూరం.

ఈ సంగతి చెబితే ఆయన కోప్పడలేదు. చొక్కా తొడుక్కుంటూ, ఏలూరు బస్సెన్నింటికన్నారు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నడుం లాగుతుంది. ఆ బస్సులో ఎండకి కండక్టరు చేతిలో టిక్కెట్లు వేగి అప్పడాలయ్యాయని నేనంటే మీరు సగం తీసేస్తారు, తీసెయ్యండి. ఆఫీసులో పెద్దమనిషి తనూ సైన్యంలో చేసినవాడే. లేచి కుర్చీ వేసి, చల్లటి నీళ్లిప్పించి, చాలా మర్యాదగా ఇరికించాడు. అలాంటి మనిషి ఆ ఊళ్లో లేడని రిపోర్టు వెళ్లిపోయింది. ఇప్పుడది తిరగాలంటే, ఫలానా పేరు గల నాయక్ ఈయనేనని ఊరిపెద్దలు రాసి సంతకాలు పెట్టివ్వాలి. అంతే, చిన్న పని అన్నాడు.

చిన్న పనే. నేనే కొట్టి పట్టుకెళ్లాను. పంచాయితీ ప్రెసిడెంటు గారు కళ్లజోడు పెట్టుకుని చదివి, కాయితాన్ని బల్ల మీద మెల్లగా అవతలికి నెట్టారు. "సుబేదారని రాసుకురండి, నిలబడి సంతకం పెడతాను. ఆయన నాయకని నా చేత్తో రాసిచ్చి, రేపాయన మొహం ఎలా చూడమంటారు?" ఆయనే రాయమన్నారండీ అన్నాను. పెద్దవాళ్లు అలాగే అంటారు, మనం చెయ్యకూడదన్నారు. చర్చి అయ్యగారిదింకో ఇబ్బంది. వరండా కట్టినప్పుడు చందా ఇచ్చినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కించారు, అందులో సుబేదారనే ఉంది. ప్రభువు మందిరం గోడ మీద ఒకటీ, కాయితం మీద ఇంకొకటీ ఎలాగండీ అని తల పట్టుకున్నారు. బడి పంతులు గారు ఊళ్లో లేనని ఇంట్లోంచే చెప్పించారు.

ఊరంతా ఆయన్ని ప్రేమించడం వల్ల ఆయన పని ఆగిపోయింది. ద్వేషం ఉంటే ఈపాటికి పది సంతకాలు పడేవి.

నాకు ఓపిక అయిపోయింది. సంతకాలు నేనే పెట్టేస్తానండీ, ప్రెసిడెంటు గారి సంతకం ఆయనకంటే నాకే బాగా వచ్చన్నాను.

ఆయన నన్ను కిందనించి పైకి చూసి, "తాడు కూడా నువ్వే కట్టావని రాసుకో," అన్నారు.

ఆ ఆదివారం చర్చికి నన్ను కూడా రమ్మన్నారు. వెనక బల్ల మీద కూర్చున్నాను. కానుకలు పట్టడం అయింది. అయ్యగారు పెళ్లి ప్రకటన ఒకటి చదివి, ఇంకెవరైనా చెప్పేదుందా అన్నారు. ముందు వరసలోంచి ఆయన లేచారు. మోకాళ్ల నొప్పి వల్ల లేవడానికి కాస్త సేపు పట్టింది.

"నేను సుబేదార్ని కాదు. ఏనాడూ కాదు. నాయక్‌ని. మీరు పిలుస్తుంటే పలికాను. అది తప్పు. ఇప్పుడు నాకు రావలసింది అడుక్కోవాలంటే, రానిది ముందు వదులుకోవాలి. దయచేసి సంతకాలు పెట్టండి."

ఆడవాళ్ల వైపు ఎవరో ముక్కు చీదారు. పక్కనున్న చర్చి పెద్దల్లో ఒకడు ఆయన మోచెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "కూర్చోండి సుబేదారు గారూ, ఎండదెబ్బ తగిలినట్టుంది," అన్నాడు.

ఆయన కూర్చోలేదు. అయ్యగారు ఆశీర్వాదం చెప్పేదాకా అలాగే నిలబడ్డారు.

సంతకాలు పడ్డాయి. వరండాలో, ఆ రాతి పక్కనే, ఒక్కొక్కరూ చావు కబురు రాస్తున్న మొహాలతో పెట్టారు. ప్రెసిడెంటు గారు కబురందుకుని వచ్చి పెట్టి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాతే అసలు ఇబ్బంది మొదలైంది. ఆయన్నేమని పిలవాలి? సుబేదారు గారంటే ఆయన వద్దన్నట్టు చూస్తారు. నాయక్ గారనడానికి ఎవరికీ నోరు రాలేదు. ప్రయత్నించినవాడు మధ్యలో దగ్గి ఊరుకున్నాడు. మెల్లమెల్లగా పిలవడమే మానేశారు. ఎదురుపడితే "ఆయ్, ఏవండీ" అని నవ్వి, ఏదో పనున్నట్టు పక్కకి తప్పుకునేవారు. తగువులు తీర్చడానికి పిలవడమూ తగ్గింది. మర్యాద లేక కాదు, మొదలుపెట్టడానికి మాట దొరక్క.

జవాబు మళ్లీ వానలప్పుడొచ్చింది. ఇన్‌స్టిట్యూటులో నేనే చదివి తెలుగులో చెప్పాను. ఆయన నాయకేనని, ఆ యుద్ధంలో ఉన్నారని ఒప్పుకున్నారు. ఆఫీసరు అప్పట్లో పంపి ఉండవలసిన సిఫారసు దొరకలేదు. ఇంతకాలానికి పతకం గానీ ప్రమోషను గానీ పరిశీలించడానికి వీల్లేదు. అర్జీ ఫైలులో ఉంచడమైనది.

ఆయన ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తన కాయితాల మీద పెట్టుకున్నారు.

"చించెయ్యరు కదా?"

"చించరండీ. ఫైల్లోనే ఉంటుంది."

"నువ్వు కలిపినవేం లేవుగా అందులో?"

"లేవండీ. మీరు కలపనిస్తేగా."

తల ఊపి, కాయితాలు మళ్లీ చుట్టుకున్నారు. మళ్లీ రాద్దామంటారేమోనని భయపడ్డాను. అనలేదు. ఇద్దరికీ ఓపిక లేదు.

నవంబరులో ఇంకోసారి వచ్చారు, పింఛనుకి ఏటా ఇచ్చే బతికున్నాననే సర్టిఫికెట్ కోసం. నేను ముందు కాస్త జాగా వదిలి పేరు కొట్టి, వేళ్లు ఆపి, పేరు ముందు ఏమని కొట్టమంటారండీ అన్నాను. ఆయన మిషన్ వంక చూస్తూ, పేరు చాలులే అన్నారు. కాయితం బయటకి లాగబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"నాయక్ అని కొట్టవయ్యా. దానికేగా ఇంతా తిరిగింది."