ప్లేటుకు పోగులు పెట్టిన రోజు

తొంభైల చివర్లో చౌటుప్పల్ హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో నాకు ఉద్యోగం. అక్కడ ఫ్యాక్టరీలకు ఇనుప మెట్లు, ట్యాంకుల స్టాండ్లు, మనుషులు నడిచే ప్లాట్‌ఫారాలు చేసేవాళ్లు. వాటిని ముందుగా కంప్యూటర్లో త్రీడీలో గీయడం నా పని. షెడ్డు మొత్తంలో దుమ్ము పడకుండా గుడ్డ కప్పేది రెండింటికే: ఆ కంప్యూటర్‌కు, మా ఉస్తాద్ బగారన్నం గిన్నెకు.

ఉస్తాద్ అంటే మా పెద్ద వెల్డర్. ఏ వస్తువైనా సుద్దముక్కతో నేల మీద అసలు కొలతకే గీసి, ఆ గీతల ప్రకారం ఇనుము కోయడం ఆయన పద్ధతి. నా తెర వంక చూసి, "గీ డబ్బాల ఇనుము కోస్తే చప్పుడే రాదు. చప్పుడు రాని పని ఒక పనేనా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. డిప్లొమా చదివినవాణ్ణి, ఒక సుద్దముక్కకు నేను జవాబు చెప్పుకోవాలా?

మా కీచులాట వినీ వినీ షెడ్డు యజమాని సేటుకు విసుగొచ్చింది. ఒకరోజు ఇద్దరినీ నిలబెట్టి తీర్పు చెప్పాడు. "గీ ఒక్క ప్లాట్‌ఫారం కంప్యూటర్ ఎట్ల చెప్తే గట్లనే చెయ్యాలె. ఉస్తాద్, నువ్వు నోరు తెరవద్దు. కుదిరితే కంప్యూటర్ ఉంటది. కుదరకపోతే డబ్బా పోతది, దాని ఎన్క నువ్వు పోతవ్." ఆ చివరి మాట నాకు. పోతే ఎక్కడికి పోవాలో నాకు బాగా తెలుసు. మోత్కూర్ దగ్గర మా ఊళ్లో మా నాన్న, అదే మా బాపు, మేపే గొర్రెల మంద నా కోసం కాచుకుని ఉంది.

ప్లాట్‌ఫారం పొడవు ఇరవై ఒక్క అడుగులు. తెర మీద నడక ప్లేటును ఒకే చాపలా పరిచేశాను. కానీ మాకు దొరికే ప్లేటు ఎనిమిది అడుగులకు మించదు కనుక దాన్ని ముక్కలు చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో అదెంత పని? అడ్డంగా గీత గీసి మీట నొక్కితే ప్లేటు రెండు ముక్కలు, ఇంకో గీతకు మూడు. ఏడేసి అడుగుల చొప్పున మూడు సమానమైన ముక్కలు చేశాను.

సమానం అనేది నా రక్తంలోనే ఉంది. మా వాడలో పండుగకు పొట్టేలును కోస్తే మోదుగాకుల మీద పోగులు పెట్టేది బాపే. తక్కెడ లేదు, కంటి అంచనాయే. ఒక పోగులో రెండు తునకలు ఎక్కువ పడ్డాయంటే పక్కింటివాళ్లు మళ్లీ పండుగ దాకా మాట్లాడరు. అట్లాంటి ఇంట్లో పుట్టి ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఎట్లా కోస్తాను? చిన్న ముక్క నొచ్చుకోదూ!

మర్నాడు పొద్దున ఉస్తాద్ నా కాగితం చూసి, తెల్ల సుద్దతో మూడు ముక్కలూ నేల మీద గీశాడు. వాటి కింద వచ్చే అడ్డ దూలాలను ఎర్రజాజుతో గీశాడు. మధ్యలోంచి పైపులు పోవాలి కనుక ఆ దూలాలు సమాన దూరంలో లేవు. ఐదో అడుగు దగ్గర ఒకటి, ఎనిమిదో అడుగు దగ్గర ఒకటి, తర్వాత పదమూడు, పదహారు దగ్గర. అంతా గీసి, నా వంక చూసి, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను గెలిచానే అనుకున్నాను.

"ఇగ కొయ్యి ఉస్తాద్" అన్నాను దర్జాగా.

సరిగ్గా అప్పుడే బాపు దిగాడు. భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టెల మూట. ఎప్పుడు వచ్చినా ఆయనది ఒకటే మాట. "మంద పెరిగింది బిడ్డా. నా ఒక్కనితోని అయితలేదు. ఇంటికి రారాదు?"

"గీ పని కుదరకపోతే ఎట్లయినా వస్త బాపూ" అని సేటు పెట్టిన షరతు చెప్పి, నేల మీది బొమ్మ చూపించాను.

బాపు చెప్పులు విడిచాడు. ఒక చేత్తో ధోవతి ఎత్తి పట్టుకుని, రెండో చేయి చాచి, నిజంగానే ఎత్తు మీద నడుస్తున్నట్టు ఆ సుద్దగీతల మధ్య నడవసాగాడు. పనివాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడో అడుగు దగ్గర, రెండు ముక్కలు కలిసే చోట, బాపు ఒక కాలు లేపి ఆగిపోయాడు. కొంగలాగా చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు.

"గీ అతుకు కింద ఏమున్నది?" అన్నాడు చివరికి.

"ఏం లేదు బాపూ. గాలి."

"మరి కాలెట్ల పెట్టాలె? పడ్త గద!"

"గది నేలనే బాపూ!"

"గీడ నేలనే. మీద కట్టినంక నేలుంటదా?" అన్నాడు కాలు దించకుండానే. "పోగులు సమంగనే పెట్టినవ్ బిడ్డా. గని కీలు ఏడున్నదో చూడకుంట కోసినవ్."

ఉస్తాద్ నోటి మీది వేలు తీసేశాడు. "యా అల్లా! పొద్దటి సంది కడుపు ఉబ్బి సస్తున్న. సేటు నోరు మూసుకొమ్మన్నడు గని, లేకుంటే గప్పుడే చెప్తుంటి" అంటూ పోయి బాపును గట్టిగా కౌగిలించుకున్నాడు. బాపు ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాడు కనుక ఇద్దరూ కలిసి నా రెండో ముక్కలో పడ్డారు.

నేను లోపలికి ఉరికి గీతలు జరిపాను. ఎనిమిది, ఎనిమిది, ఐదు. అతుకులు రెండూ సరిగ్గా దూలాల మీద కూర్చున్నాయి. ఆ వారం ప్లాట్‌ఫారం ఎక్కిస్తే మొదటిసారికే కుదిరింది. కంప్యూటర్ ఉంది, నేనూ ఉన్నాను.

కానీ అంతకు ముందే, ఆ సాయంత్రం బాపును బస్సు ఎక్కించడానికి పోయాను. అప్పుడు గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. ఆయన ఏమీ అనకుండా ఏడో అడుగు దాటి ఉంటే నేను ఆయన వెంట ఇంటికి పోయేవాణ్ణి. ఆయన వచ్చిందే అందుకు.

"బాపూ, నువ్వు ఏం అనకపోతే నేను ఇంటికి వస్తుంటి గద?"

బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"ఎర్కే. కాలు లేపినంక యాదికొచ్చింది. గందుకే గంతసేపు ఒంటికాలి మీద నిలబడ్డ."