రొసాండా కార్డులు నకిలీవన్న రోజు

లెస్కొవాత్స్ ఊరి బజారులో రొసాండా పిన్ని కొట్టుకీ మా అత్త సాక్సుల కొట్టుకీ మధ్య అడ్డం ఒక్క రేకే. అందుకే ఆమె సంగతులు నేను చూసినవాటికన్నా విన్నవే ఎక్కువ. సాక్సులు అమ్మాల్సిన వేళ నేను పుస్తకం చదువుకుంటాను. రేకు అవతల నుంచి వచ్చే మాటలు చాలాసార్లు పుస్తకం కంటే బాగుంటాయి. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదుగాని, నిజం.

రొసాండా పిన్ని ఒకప్పుడు బట్టల మిల్లులో పని చేసింది. తానులు బల్ల మీద పరిచి, వెడల్పు సరిపోయిందా లేదా చూసే విభాగం. ఈ ఊళ్ళో అందరి బతుకులూ ఆ మిల్లుతో పాటే మూతపడ్డాయి, ఆమెది మాత్రం పడలేదు. ముందు క్యాసెట్లు అమ్మింది, తర్వాత సీడీలు, ఇప్పుడు మెమరీ కార్డులు. "సరుకు ఏటేటా చిన్నదైపోతోంది. ఇంకొన్నాళ్ళు పోతే కొట్టు మొత్తం రొమ్ములో దోపుకుని ఇంటికి పోతాను" అంటుంది. భారీ మనిషి, నవ్వితే రేకు ఊగుతుంది.

ఫోన్లకి కార్డులు కొనేవాళ్ళు ఎప్పుడో పెద్ద దుకాణాలకి తరలిపోయారు. ఆమెకి మిగిలింది పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించేవాళ్ళు. ఇప్పుడు మా వైపు పెళ్ళంటే పాడేది ఒకరు, వెనక కీబోర్డుతో ఒకడు. డోలూ బాకా అకార్డియన్ అన్నీ ఆ ఒక్కడి వేళ్ళలోనే. అతని ప్రాణం మెమరీ కార్డులో ఉంటుంది, ఎందుకంటే దరువులన్నీ అందులోనే ఉంటాయి. ఎవరి దరువులు వాళ్ళే సొంతంగా కట్టుకోవాలన్నది వాళ్ళ పరువు. పెళ్ళాం లేచిపోయిందంటే ఓర్చుకుంటారు, దరువులు ఎత్తుకొచ్చాడంటే మాత్రం కుర్చీలు లేస్తాయి.

మొన్న సెప్టెంబరులో, బజారంతా కాల్చిన మిరపకాయల పొగ కమ్మిన రోజు, జికిత్సా వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, తెల్ల బూట్లు, కీబోర్డు వాయించేవాళ్ళలో అందరికన్నా గొంతు పెద్దది.

"పిన్నీ, నాకు ముప్పై రెండు జీబీ అని అమ్మావు. ఇది నాలుగే చూపిస్తోంది. ఆదివారం పెళ్ళికి ఆడపిల్లవాళ్ళు అడిగిన పాటలు ఎక్కించబోతే చోటు లేదంటోంది."

"పొద్దున్నే ఎంత తాగావు?"

"కాఫీ. అదీ మా అమ్మ పెట్టింది."

వాడి మాట పూర్తికాకముందే మరొకడు వచ్చాడు, ఇంకొకడు వచ్చాడు. మధ్యాహ్నానికి కొట్టు ముందు నలుగురు చేరారు. నలుగురివీ ముప్పై రెండు జీబీల కార్డులే, నాలుగూ నాలుగేసి జీబీలే చూపిస్తున్నాయి. బస్టాండు ఎదుటి కఫానాలో, కాఫీ, మందు దొరికే కొట్టులో, కూర్చుని మాట్లాడుకుని మరీ వచ్చారు.

"నకిలీ సరుకు తెచ్చి మా నెత్తిన రుద్దితే ఇక నీష్ పట్నం వెళ్ళి కొనుక్కుంటాం" అన్నాడు జికిత్సా, బజారంతా వినపడేలా.

మిరపకాయలు కాల్చే ఆవిడ పొయ్యి వదిలి తొంగి చూసింది. ఈ నలుగురూ నీష్ దారి పడితే రొసాండా కొట్టుకి తలుపు వేయడమే మిగులుతుంది. అది ఆమెకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

ఆమె జికిత్సా కార్డు తన పాత కంప్యూటర్లో పెట్టింది. నాలుగు. అదే పెట్టెలోంచి ఇంకా విప్పని కార్డు తీసి పెట్టింది. ముప్పై రెండు. తనకి సరుకు పంపినవాడే మంచివీ చెడ్డవీ కలిపేశాడేమోనని భయపడిందట, తర్వాత చెప్పింది. మళ్ళీ మొదటి కార్డే పెట్టి, కార్డు మొత్తాన్ని ఒక పట్టీలా చూపించే కిటికీ స్క్రీన్ మీద తెరిచింది. పట్టీ మొదట్లో చిన్న నీలి ముక్క, ఆ తర్వాత బారెడు నల్లటి ఖాళీ.

"గుడ్డ తాను మొత్తం ఉందిరా. చొక్కా మాత్రం చంటిపిల్లాడి కొలతకి కత్తిరించారు."

"తెలిసేట్టు చెప్పు పిన్నీ."

"ముప్పై రెండూ ఇందులోనే ఉన్నాయి. ముందున్న నాలుగే వాడుకోమని ఎవరో గీత గీశారు. నేను అమ్మినప్పుడు ఆ గీత లేదు. నాలుగు జీబీల పాత కార్డుని ఉన్నదున్నట్టు మొత్తంగా కొత్తదాని మీదకి దించితే పాటలతో పాటు దాని కొలత కూడా దిగుతుంది. నువ్వు ఇందులోకి దరువులు ఎలా ఎక్కించావు?"

జికిత్సా తన బూట్లకేసి చూసుకున్నాడు. "ఒక్కొక్కటే. నా చేత్తో."

"నేనూ అంతే" అన్నాడు రెండోవాడు. మిగతా ఇద్దరూ తలలూపారు.

ఒక్కొక్కటే ఎక్కిస్తే ఆ గీత రాదు. నలుగురూ అబద్ధమాడుతున్నారు, ఆ అబద్ధం కోసం ఆమెని దొంగని చేయడానికి సిద్ధంగా ఉన్నారు. నాకు ఒళ్ళు మండి రేకు దాటి వెళ్ళాను. ఆమె నా మొహం చూసి, "నువ్వు నోరు మూసుకుని సాక్సులు సర్దుకో నాయనా" అంది. నిజమే. మీది అబద్ధమని నలుగురి మధ్య అంటే ఆమె గెలిచేది, కొట్టుకి మాత్రం ఎవరూ మిగిలేవారు కాదు.

"ఒక్కొక్కరే లోపలికి రండి. గీత తీసేస్తాను" అంది వాళ్ళతో.

జికిత్సా ముందు వెళ్ళాడు. తలుపు మూసుకుంది. రేకు మాత్రం మూసుకోదు కదా.

"చెరిపేస్తావా? ఆదివారం పెళ్ళి పిన్నీ, ఇంకో చోట లేవు ఇవి."

"ముందు నీ సామాను నా కంప్యూటర్లోకి తీస్తాను. ఆ తర్వాత గీత చెరిపి కార్డంతా ఒకే ముక్క చేసి, నీది నీకు సర్దిపెడతాను. ఇప్పుడు చెప్పు, ఎవరి కార్డు దించావు?"

"స్వెటోమిర్ మామది. పెళ్ళిలో ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు. పిన్నీ, వాళ్ళెవరికీ తెలియకూడదు."

రెండోవాడూ స్వెటోమిర్ కార్డే దించాడు, ఆయన బావమరిదికి పంది కాలు ఒకటి సమర్పించి. మూడోవాడూ నాలుగోవాడూ అంతే. ప్రతివాడూ తానొక్కడే పాపినని అనుకుంటున్నాడు, ప్రతివాడూ మిగతావాళ్ళకి చెప్పొద్దని బతిమాలాడు. నేను సాక్సు నోట్లో కుక్కుకుని నవ్వాను.

జికిత్సా తన వ్యాన్లో ఉన్న కీబోర్డులో కార్డు పెట్టి చూసుకుని పరుగున వెనక్కి వచ్చాడు. "అసలు కార్డే లేదంటోంది." ఆమె కళ్ళజోడు పైకి నెట్టి చూసి, కీబోర్డు చదవలేని కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేశానని తనని తానే తిట్టుకుంది. మళ్ళీ పాత పద్ధతిలో చేసి ఇచ్చింది. ఈసారి వ్యాన్లోంచి చేతులు పట్టుకుని ఆడే కోలో నాట్యం దరువు మోగింది. మిరపకాయలావిడ భుజాలు ఊపింది.

అప్పుడు వచ్చాడు స్వెటోమిర్. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా, లెస్కొవాత్స్ కీబోర్డులకి పెద్దదిక్కు. నలుగురూ గోడకి అతుక్కుపోయారు. ఆయన చేతిలోనూ అదే కార్డు, ఆయన నోటిలోనూ అదే ఫిర్యాదు. ఆమె ఆయన్నీ లోపలికి తీసుకెళ్ళింది.

"నా పాత కార్డుని కొత్తదాని మీదకి మొత్తంగా దించాను."

"నీదాన్ని నువ్వు దించుకుంటే తప్పేముంది మామా?"

రేకు అవతల కుర్చీ కిర్రుమంది.

"నాదే అనుకో. వ్రానే ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. పెద్ద వాయిద్యగాడు. ఆయన పెరట్లోకి వెళ్ళినప్పుడు నేను..."

"వద్దులే మామా. కార్డు ఇలా ఇవ్వు."

అయిదు కార్డులూ బాగుపడ్డాయి. అందరూ జేబుల్లో వేసుకుని మెల్లగా జారుకోబోయారు. రొసాండా పిన్ని దారికి అడ్డంగా నిలబడింది. ఆమె నిలబడితే దారి ఉండదు.

"నకిలీ అని బజారు మొత్తానికీ వినిపించారు. బాగుందని కూడా వినిపించి వెళ్ళండి."

"ఎలా పాడైందని అడుగుతారు కదా పిన్నీ. ఏం చెప్పను?" జికిత్సా గొంతు మొదటిసారి చిన్నదైంది.

ఆమె స్వెటోమిర్ వైపు తిరిగి గట్టిగా అడిగింది. "మామా, నీ సొంత పాత కార్డుని నువ్వే కొత్తదాంట్లోకి దించుకున్నావు. దాంతో కొలత కూడా దిగింది. అంతేనా?"

ఆయన మీసం ఒకసారి కదిలింది. తర్వాత పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడిలా గొంతు విప్పాడు. "అంతే. నా పాత కార్డు, నా పొరపాటు. రొసాండా సరుకులో లోపం లేదు."

"నేను దించుకున్నదీ నా పాత కార్డే" అన్నాడు జికిత్సా చప్పున.

"నాదీ అంతే." "నాదీనూ." నాలుగోవాడు ప్రమాణం చేయబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

మిరపకాయలావిడకి ఇంకా సందేహం తీరలేదు. "అయితే అందరి పాత కార్డులూ నాలుగు జీబీలవేనా?"

"ఆ రోజుల్లో నేను నాలుగువే అమ్మేదాన్ని" అంది రొసాండా పిన్ని, కన్ను ఆర్పకుండా.

స్వెటోమిర్ అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా మరో రెండు కార్డులు కొన్నాడు. ఆయన కొన్నాక మిగతావాళ్ళు కొనకుండా ఎలా వెళ్తారు? పెట్టె అడుగు కనిపించింది.

అందరూ వెళ్ళాక జికిత్సా ఒక్కడూ మిగిలాడు. గుమ్మానికి ఆనుకుని గుసగుసగా అడిగాడు.

"పిన్నీ, అందరివీ నీ కంప్యూటర్లోకి తీశావు కదా. స్వెటోమిర్ మామ కొత్తగా కట్టినవి కూడా అందులో ఉంటాయి కదా..."

ఆమె స్క్రీన్ వాడి వైపు తిప్పి, వాడు చూస్తుండగానే అయిదుగురి సామానూ ఒక్కటొక్కటిగా చెరిపేసింది. వాడు టోపీ తీసి గుండెకి పట్టుకున్నాడు.

"వచ్చే శనివారం ఆయన డొంచె ఊరు పెళ్ళిలో వాయిస్తున్నాడు" అంది ఆమె. "వెళ్ళి చెవులతో విను. ఊరికే వస్తుంది."

"చెవుల్లో ఎన్ని జీబీలు పడతాయి పిన్నీ?"

"నీ చెవుల్లోనా? పొమ్మంటుంటే."

వాడు పోయాడు. ఆమె కొత్త సరుకు పంపమని చెప్పడానికి ఫోన్ అందుకుంది. ఈసారి రెండు పెట్టెలు కావాలంది.