వీలునామాలన్నీ రద్దు

మా మామయ్య రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. మాటల దగ్గర మహా చాదస్తం. "పాలు విరిగాయి, ఇవాళ కాఫీ రద్దు" అని అత్తయ్య అంటే, "రద్దు కాదే, వాయిదా" అని సరిదిద్ది మరీ తిట్లు తినేవాడు.

నేను ఆయన దగ్గర టైపు చేసేదాన్ని. మొదటిరోజే క్లాసు పీకాడు.

"దావాను కోర్టు కొట్టేస్తుంది. ఒకరికిచ్చిన అధికారాన్ని ఇచ్చినవాళ్లు ఉపసంహరించుకుంటారు. అమ్మకం రద్దుకు ఇద్దరి సంతకాలూ కావాలి. వీలునామా రద్దుకు రాసినవాళ్లొక్కరే చాలు. కలగాపులగం చేశావంటే ఎవరి కొంపో మునుగుతుందమ్మాయ్."

మునిగింది. అదీ మా చేతుల మీదే.

మా వీధిలో ఒక టైలరమ్మ ఉండేది. తన తర్వాత ఇల్లు చెల్లెలికి చెందాలని మామయ్య చేతే వీలునామా రాయించుకుంది. ఆ చెల్లెలు పెళ్లి మాటెత్తకుండా అక్కతోనే ఉండి, జీవితమంతా కాజాలు కుట్టింది. కొన్నేళ్లకు టైలరమ్మ మళ్లీ వచ్చి, కుట్టుమిషన్లు మాత్రం తన దగ్గర పనిచేసే అమ్మాయికి ఇవ్వాలంది. మామయ్య చెబుతుంటే కొత్త వీలునామా టైపు చేశాను. మా దగ్గర ఏ వీలునామా అయినా ఒకే వాక్యంతో మొదలయ్యేది: "ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు." అది ఆయన చెప్పక్కర్లేదు, నా వేళ్లే కొట్టేసేవి. చదివి వినిపిస్తే, ఆవిడ మిషన్ల సంగతి వచ్చినప్పుడు తలూపి సంతకం పెట్టింది.

ఆవిడ పోయాక, ఏనాడూ గుమ్మం తొక్కని కొడుకు ఆ కాగితం పట్టుకుని దిగాడు. ఇంటి వీలునామా రద్దయింది కాబట్టి ఇల్లు తనదేనన్నాడు. చెల్లెలు మా బల్ల దగ్గరికొచ్చింది.

"బాబుగారూ, అక్క నన్ను పొమ్మందా?"

మామయ్య నకలు తీసి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు. చెల్లెలు దావా వేస్తే, తనే వెళ్లి సాక్ష్యం చెప్పాడు. "ఆ వాక్యం టైలరమ్మ చెప్పింది కాదండి. అలవాటు కొద్దీ నేను పెట్టింది." రాత స్పష్టంగా ఉంది, సంతకం ఆవిడదే అని కోర్టు దావా కొట్టేసింది.

బయట మెట్ల మీద చెల్లెలు, "పోనీలెండి. అక్క పొమ్మనలేదు కదా" అంది. ఆవిడ అలా అనకుండా నాలుగు తిట్టి ఉంటే మామయ్య బతికిపోయేవాడు. మర్నాడే బల్ల ఎత్తేశాడు. ఇంట్లో అత్తయ్య ఏది రద్దన్నా ఇప్పుడు సరిదిద్దడు.

ఒకసారి మాత్రం అడిగాడు.

"ఆవేళ నీకైనా అనుమానం రాలేదా అమ్మా?"

వచ్చింది. "అన్నీ" అని కొడుతూ ఆగాను కూడా. ఇల్లు కూడానా అని అడగబోయాను. భోజనాల వేళ, ఆకలి దంచేస్తోంది. అడిగితే మళ్లీ క్లాసు పీకుతాడని ఊరుకున్నాను.

"లేదు మామయ్యా" అన్నాను.