సారు ఇచ్చిన ఖాళీ డబ్బా

మా సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది మా పాత ఆఫీసు అటెండరు. "గుండె ఆగిపోయిందంటన్నా. నిద్దట్లోనే పోయినాడు" అన్నాడు. నేను ఊ అన్నాను. నాకు మొదటినుంచీ మాట తక్కువే. చదువు కూడా సత్యవేడు పక్క మా ఊరి బడిలో చదివినంతే. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఆఫీసు పాతవాళ్ళు అడిగితే రాస్తున్నాను.

తిరుపతిలో లంచగొండులను పట్టుకునే ఆఫీసులో ఆయన అధికారి. నేను ఆయన జీపు డ్రైవర్ని. బయట ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. జీపులో ఆయన చెంబు ఆయనకుండేది.

మా వైపు చైనా వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. దానికి భూమి ఇప్పించినందుకు ఇక్కడి పెద్ద ఆఫీసరు ఒకాయన బాగా తిన్నాడని కేసు. డబ్బు చేతికిచ్చిన మేనేజరు చైనాలో తన ఊరికి వెళ్ళిపోయాడు. అతను వాంగ్మూలం ఇస్తేనే కేసు నిలుస్తుంది. అందుకని సారు ఆ ఊరి ప్రభుత్వ అధికారులతో ఫోన్లో మాటలు మొదలుపెట్టారు. వాళ్ళకు మనకంటే ముందే తెల్లవారుతుంది. సారు అలిపిరి దారిలో జనం లేచే వేళకే ఆఫీసులో ఉండేవారు. జీపులో కూర్చుని వాళ్ళ పేర్లు పలకడం నేర్చుకునేవారు. "పేరు తప్పు పిలిస్తే మనిషి దగ్గరికి రాడప్పా" అనేవారు నాతో.

చివరకు వాళ్ళే వచ్చారు, ఒక పెద్దాయన, ఒకామె. వస్తూ సారుకని మంచి టీ ఆకు డబ్బా తెచ్చారు. సారు చేతులు కట్టుకున్నారు.

"తీసుకోకుంటే బాధపడతారు సార్" అంది వాళ్ళ మాటను తెలుగులోకి మార్చి చెప్పే అమ్మాయి.

"వాళ్ళూ మన మాదిరి గవర్నమెంటోళ్ళే గదమ్మా. కానుకలు తీసుకోకూడదని వాళ్ళకీ రూలుంటాది. అడుగు సూద్దాం."

ఆ అమ్మాయి అడిగింది. పెద్దాయన ముందు నవ్వాడు. అలాంటి రూలు ఉందట. సారు తెప్పించిన కొండ లడ్డు కూడా వాళ్ళు తీసుకోకూడదట.

"అయితే ఈడిది ఈడే అయిపోవల్ల. ఎవురింటికీ పోగూడదు" అన్నారు సారు.

లడ్డు బల్లమీదే విరిచి అందరికీ పంచారు. ఆ ఆకంతా పెద్ద గిన్నెలో వేసి పాలు లేకుండా కాచారు. ఊడ్చే ఆమెతో సహా ఆఫీసంతా తాగాం.

"కసాయం మాదిరుండాది సార్. జరమొచ్చినోళ్ళకు పోస్తే సరిపోతాది" అన్నాడు అటెండరు.

"మిగల్చకుండా తాగు. మిగిలితే నీ మీదే కేసు రాస్తా."

ఆ రోజే వాంగ్మూలం ఇప్పిస్తామని పెద్దాయన ఒప్పుకున్నాడు.

అందరూ వెళ్ళాక డబ్బా బల్లమీద ఉండిపోయింది. దానిమీద కొండలు, కొంగలు. బాగుంది. నేను చూశాను, అంతే. సారు నా చూపు కనిపెట్టారు.

"ఏమప్పా, ఇంట్లోకి పనికొస్తాదా?"

నేను వద్దనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

"ఖాళీదే గదా, ఎత్తుకపో" అని ఆయనే జీపులో పెట్టారు.

మా ఆవిడ అందులో కాఫీ పొడి పోసింది. ఎవరో మా ఇంటికి ఊరికే వచ్చినట్టు వచ్చి దాన్ని ఫోటో తీసుకున్నారు. అధికారి చైనా వాళ్ళ దగ్గర కానుక తీసుకుని డ్రైవరు ఇంట్లో దాచాడని పైకి అర్జీ పోయింది. విచారణలో సారు చెప్పింది ఒకటే: "నేనే ఇచ్చినాను. డ్రైవరు అడగలా." నన్ను పిలవనే లేదు. సారును ఆ పని నుంచి తప్పించి కర్నూలు పంపారు. తర్వాత వచ్చినాయనకు ఆ పేర్లు నోరు తిరగలేదు. అవతలి వాళ్ళు మెల్లగా ఫోన్ ఎత్తడం మానేశారు. వాంగ్మూలం రాలేదు. కేసు కొట్టేశారు.

చాలా కాలానికి సారు అలిపిరి దగ్గర నడుస్తూ కనిపించారు. తప్పుకుని పోదామనుకున్నాను. ఆయనే పిలిచారు.

"డబ్బా ఉండాదా ఇంకా?"

"పారేసినాను సార్."

"ఎందుకప్పా, మంచి డబ్బా."

అంతే అన్నారు. తిట్టినా బాగుండేది.

మొన్న సారు వాళ్ళింటికి పోయినప్పుడు నేను ఒక మూర మల్లెపూలు తీసుకుపోయాను. నాకంటే వెనక ఆ పెద్ద ఆఫీసరు కారులో దిగాడు. రిటైరై సుఖంగా ఉన్నాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చేంత గులాబీల దండ తెచ్చాడు. కేసు కొట్టేసినాక ఆయన్ని ఎవరేమంటారు, అందరూ దారి ఇచ్చారు. సారు భార్య మాత్రం లేచి నిలబడింది.

"ఆయన బతికినన్నాళ్ళూ ఎవురి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఈ పొద్దు కూడా వద్దు నాయనా" అంది, గొంతు పెంచకుండానే.

ఆయన మొహం మాడ్చుకుని దండను ప్రహరీ మీద వేయించి వెళ్ళిపోయాడు. నేను పూలు పట్టుకున్న చేతిని వీపు వెనక్కి పెట్టుకున్నాను. పాడె లేచేసరికి వీధిలో తిరిగే ఆవొకటి ఆ దండ కొసను పట్టి కిందికి లాగింది. ఒక్కో పువ్వూ తాపీగా నమిలింది. అంతమందిలో దాన్ని అదిలించినవాళ్ళు లేరు.