మా బావ గిటారు, నా తీర్మానం

ఆ రోజుల్లో, అంటే ఎనభైల నడుమ, తర్కానికి లొంగనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. గుంటూరు బ్రాడీపేటలోని మా చర్చా సంఘంలో దేవుణ్ణి, దెయ్యాన్ని, జాతకాల్ని వరసపెట్టి ఓడించాక, ఇంకెవరూ మిగలక మా మేనత్త కొడుకు మీద పడ్డాను. బావ ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. మరో ముగ్గుర్ని పోగేసి రాక్ బృందం పెట్టాడు. వాళ్లు పాడే ఇంగ్లీషు పాటల్లో ఒక్క ముక్క ఎవరికీ అర్థమయ్యేది కాదు (వాళ్లకూ కాదని నా అనుమానం). అయినా ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో కుర్రాళ్లు కుర్చీలెక్కి గంతులేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన మిరపకాయల వ్యాపారి కండువా తీసి గిరగిరా తిప్పాడు.

ఆ వెంటనే బావ మార్టూరులో ఒక పెళ్లికి వాయిస్తానని ఒప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. "భోజనాల దగ్గర వాయిస్తావా? విదేశాల్లో చూడు, పేరు మారుమోగుతుండగా ఆపేసినవాళ్లు జనం మనసులో ఇప్పటికీ కుర్రాళ్లే. ఆపనివాళ్లు పొట్టలొచ్చాక కూడా ఆ బిగుతు ప్యాంట్లతోనే గెంతుతున్నారు. పరువుగా మానెయ్ బావా!" అన్నాను. "ఏరా, నేను పరువు కోసం వాయిస్తున్నానని నీకెవడు చెప్పాడు?" అన్నాడు. ఇలా తేలదని సంఘంలో చర్చకు పెట్టాను. ఓడితే గిటారు అటకెక్కిస్తానని బావ మాటిచ్చాడు.

'కళాకారుడు శిఖరాన ఉండగానే విరమించాలి' అన్నది తీర్మానం. ఆ ఆదివారం నా ఉపన్యాసానికి గోడలు కూడా చప్పట్లు కొట్టాయనిపించింది. బావ మాత్రం "వాయించకపోతే నాకు అన్నం సయించదండీ" అని కూర్చున్నాడు. చేతులన్నీ నాకే లేచాయి. అప్పుడు బావ మెల్లగా అధ్యక్షుల వైపు తిరిగాడు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. "మాస్టారూ, తీర్మానం పెట్టినవాడే ముందు పాటించాలని మీ నియమం కదండీ?" నిజమే. వితంతు వివాహాల మీద గంట మాట్లాడి, ఇంటికెళ్లి పంచాంగం తిరగేసే పెద్దమనుషులతో విసిగి పెట్టుకున్న నియమమది. "ఉపన్యాసమూ కళేనని ఇందాక వీడే అన్నాడు. వీడు శిఖరమెక్కడం మీరంతా చూశారు. ఇద్దరం కలిసే దిగిపోతాం." మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, "తార్కికంగా ఉంది" అన్నారు.

బావ గిటారు అటకెక్కింది, నా వాదనలకు తాళం పడింది. సంఘంలో ఒకాయన గ్రహణం నాడు కత్తిపీట ముట్టరాదని వాదిస్తుంటే పళ్లు బిగబట్టి కూర్చున్నాను. నా మౌనం చూసి అమ్మ బెంగపడి, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఎదురు వాదించే హక్కు లేని హేతువాదిని, దగ్గుతూ నిలబడ్డాను. అక్కడ బావకు నిజంగానే అన్నం సయించడం మానేసింది. "ఒరేయ్, వాడు చిక్కిపోతున్నాడు, నీ తర్కం తగలెయ్య!" అని అత్తయ్య తిట్టిన రోజు నాకు భయమేసింది. మార్టూరు పెళ్లి దగ్గర పడుతోంది.

తీర్మానం రద్దు చేయమని ఒక్కసారి విన్నవించుకునే అవకాశం మాస్టారిని బతిమాలి తెచ్చుకున్నాను. లేచాను. ఎన్నాళ్లుగానో వాడక నా వాగ్ధాటి తుప్పు పట్టింది. మొదటి వాక్యం రెండుసార్లు చెప్పి, రెండోది మరిచిపోయి, చివరికి "అందుచేత..." అని కూర్చున్నాను. ఒకరిద్దరు ఆవలించారు. మాస్టారు గంభీరంగా, "ఇతను శిఖరాన లేడు. తీర్మానం ఇతనికి వర్తించదు" అన్నారు. "మరి మా బావో?" అన్నాను. "వాయిస్తే గదా తెలిసేది!" బావ పరుగున వెళ్లి గిటారు తెచ్చాడు. తీగలు వదులై, వేళ్లు మొద్దుబారి, ఇనప రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు మోగింది. "ఇతనూ లేడు" అన్నారు మాస్టారు, చెవులు మూసుకునే. అంత చెడ్డ పాటకు అంత సంతోషంగా చప్పట్లు కొట్టడం నేనెక్కడా చూడలేదు. మర్నాటి నుంచి సాధన చేసి, మార్టూరు పెళ్లిలో బావ వాయించాడు. ఆ తర్వాత బంతిలో కూర్చుని మూడుసార్లు పప్పు వేయించుకున్నాడు.

మొన్న ఒక సభలో మధ్యలో మాట తోచక నీళ్లు నములుతుంటే, ముందు వరసలోంచి తెల్లజుట్టు బావ కేకేశాడు: "కానివ్వరా! నీకిప్పుడు ఏ శిఖరమూ లేదు!" గుండె తేలికై, ఇంకో అరగంట మాట్లాడాను.